మున్నార్‌లో ఒంటరిగా జలపాతాల వేట: ఏ రోజు ఎటు వెళ్ళాలి?

లక్డీకాపూల్_లావణ్య | ఆగస్టు 17, రాత్రి 10:42

అందరికీ నమస్తే. సెప్టెంబర్ రెండో వారంలో సెలవు దొరికింది. శబరి ఎక్స్‌ప్రెస్‌లో కొచ్చి పక్కనున్న ఆలువా దాకా బెర్తు కన్ఫర్మ్ అయింది. అక్కడి నుంచి బస్సులో మున్నార్. ఒక్కదాన్నే వెళ్తున్నా. గది ఒకటే చోట, రోజూ పొద్దున బయల్దేరి చీకటి పడేలోపు తిరిగొచ్చేయాలి. ఇంట్లో ఒప్పుకున్నది ఈ షరతు మీదే.

నాక్కావాల్సింది టీ తోటలు, జలపాతాలు, అంతే. బోటింగులు, చాక్లెట్ షాపులు వద్దు. ట్యాక్సీ మాట్లాడుకునే ఉద్దేశం కూడా లేదు. బస్సు, తప్పకపోతే ఆటో. రాసుకున్న జాబితా ఇది: చీయప్పార, వాళర, ఆట్టుకాడ్, లక్కం, తూవానం, చిన్నకనాల్. నాలుగు రోజుల్లో ఇవన్నీ అవుతాయా? ఏ వరసలో వెళ్ళాలి?

బుల్లెట్_బుజ్జి | ఆగస్టు 17, రాత్రి 11:05

టౌన్‌లో స్కూటీ అద్దెకు తీసుకోండి. ఆ ఆరూ రెండు రోజుల్లో కొట్టేయొచ్చు. బస్సు కోసం వెయిట్ చేస్తూ కూర్చుంటే సెలవంతా స్టాపుల్లోనే అయిపోతుంది.

కాక్కనాడ్_కామేశ్ | ఆగస్టు 18, ఉదయం 7:20

లావణ్య గారూ, నేను కొచ్చిలో ఉద్యోగం. శనివారం వస్తే కొండెక్కేసే రకం. మీ జాబితా బాగానే ఉంది కానీ ఏ రోజు ఎటు అని ఇప్పుడే రాసేసుకోవద్దు. మున్నార్‌లో ఆ నిర్ణయం పొద్దున్నే కిటికీలోంచి చూసి తీసుకోవాలి.

టౌన్ నుంచి మీకు పనికొచ్చే దారులు మూడు. ఒకటి పడమరకు, పళ్ళివాసల్ మీదుగా అడిమాలి, నేరియమంగళం వైపు దిగేది. ఆట్టుకాడ్, వాళర, చీయప్పార ఇటే. రెండోది ఉత్తరానికి, ఎరవికుళం నేషనల్ పార్కు పక్క నుంచి మరయూర్ వెళ్ళేది. లక్కం, దాని తర్వాత చిన్నార్ అడవిలో తూవానం ఇటు. మూడోది దేవికుళం దాటి గ్యాప్ రోడ్డు మీదుగా చిన్నకనాల్ వైపు.

నైరుతి వానలు అరేబియా సముద్రం నుంచి వచ్చి పడమటి వాలుకు గుద్దుకుంటాయి. అందుకని సెప్టెంబర్‌లో కూడా అడిమాలి వైపు కుండపోతగా ఉండొచ్చు, అదే గంటలో మరయూర్‌లో ఎండ కాస్తుండొచ్చు. ఆ రెండూళ్ళ మధ్య బస్సు దూరం డెబ్బై కిలోమీటర్లే. మరయూర్ కొండల వెనకాల ఉంది, అక్కడిదాకా వచ్చేసరికి మబ్బు దగ్గర నీళ్ళు మిగలవు. కాబట్టి టౌన్‌లో జోరుగా పడుతుంటే మరయూర్ బస్సు ఎక్కండి. తెరిపి ఇచ్చిన రోజు పడమర దిగండి. ఒక రోజుకి ఒక దారి. రెండు కలపొద్దు.

ఇంకో మాట. చీయప్పార, వాళర కోసం మున్నార్ నుంచి విడిగా రోజు కేటాయించక్కర్లేదు. ఆలువా నుంచి వచ్చే హైవే పక్కనే ఉన్నాయి రెండూ. ముందు చీయప్పార, కొన్ని కిలోమీటర్లు పోయాక వాళర. చీయప్పార ఏడు అంచెలుగా దూకి సరిగ్గా రోడ్డు పక్కకే వచ్చి పడుతుంది. వాళర రోడ్డు మీంచి కాస్త ఎడంగా లోయలో కనబడుతుంది. అయితే అక్కడ టీ తోటలుండవు. రబ్బరు, మిరియాలు, అడవి. తేయాకు పళ్ళివాసల్ పైకి వచ్చాకే మొదలవుతుంది.

సుభద్ర_టీచర్ | ఆగస్టు 18, ఉదయం 9:48

బుజ్జీ, నువ్వు "కొట్టేయొచ్చు" అన్నావు చూడు, ఆ ఆరింటినీ అలా కొట్టేసి వచ్చినవాళ్ళకి ఏది ఏదో ఫోటో తేదీ చూస్తే గానీ గుర్తురాదు.

లావణ్యా, రిటైరయ్యాక నేనూ ఒక్కదాన్నే తిరుగుతున్నా. మున్నార్ నాకు ఇబ్బంది లేని ఊరు. తోటల్లో పనిచేసేవాళ్ళలో చాలామందిది తమిళమే, మన విరిగిన తమిళం కూడా చెల్లిపోతుంది. బస్సులో ఆడవాళ్ళ పక్కన కూర్చుంటే "తనియావా?" (ఒంటరిగానా?) అని అడుగుతారు. అవునంటే ఎక్కడ దిగాలో వాళ్ళే చూసుకుంటారు.

గది మాత్రం టౌన్‌లోనే, బస్టాండుకు నడిచి వెళ్ళేంత దూరంలో తీసుకో. "తోట మధ్యలో రిసార్ట్" అని బోర్డు పెట్టినవి ఫోటోల్లో బాగుంటాయి. సాయంత్రం ఐదున్నరకి పొగమంచులో ఆ మూడు కిలోమీటర్లు ఆటో కోసం నిలబడితే అప్పుడు తెలుస్తుంది. కేఎస్ఆర్టీసీ డిపో పాత మున్నార్‌లో ఉంది, బజారుకు కాస్త దూరం. ప్రైవేటు బస్సులు బజారు దగ్గర దొరుకుతాయి. ఖర్చు తగ్గించుకోవాలంటే డిపోలో పాత బస్సుల్ని బెర్తులుగా మార్చి ఇస్తున్నారు, 2020లో 100 రూపాయలతో మొదలుపెట్టారు. ఇప్పుడు రేటెంతో ఫోన్ చేసి కనుక్కో.

జలగలు! ఇది ఎవరూ చెప్పరు. వాన రోజుల్లో గడ్డి ఉన్న ప్రతి చోటా ఉంటాయి. మోకాలి దాకా వచ్చే జలగ మేజోళ్ళు దొరుకుతాయి, తెచ్చుకో. పట్టుకుంటే పీకొద్దు, చిటికెడు ఉప్పు వేస్తే అదే రాలుతుంది. రక్తం కొంచెం సేపు ఆగదు, భయపడకు. ఉన్ని శాలువా కాదు, తొందరగా ఆరే బట్టలు పెట్టుకో. గొడుగు ఆ గాలికి నిలవదు, రెయిన్‌కోటే.

అరకు_అబ్బాయి | ఆగస్టు 18, ఉదయం 11:30

ఇంత దూరం దేనికండీ? మన అరకు రండి, కటికి జలపాతం చూడండి. మంచూ ఉంటుంది, ఖర్చూ తక్కువ.

లక్డీకాపూల్_లావణ్య | ఆగస్టు 18, మధ్యాహ్నం 1:15

అరకు చూశానండి, కటికి కూడా. కానీ మీ దగ్గరున్నది కాఫీ, అది చెట్ల నీడలో దాక్కుని ఉంటుంది. నాకు ఆ కొండ కొండంతా కత్తిరించినట్టుండే టీ తోట కావాలి.

అరకు_అబ్బాయి | ఆగస్టు 18, మధ్యాహ్నం 1:22

సరే, ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. వచ్చేటప్పుడు టీ పొడి తెండి.

పెన్షన్_ప్రయాణం | ఆగస్టు 18, సాయంత్రం 6:02

నేను నీటిపారుదల శాఖలో పనిచేశాను. లావణ్య గారికి ఒక్క విషయం గట్టిగా చెప్పాలనిపించింది. కామేశ్ గారు మరయూర్ వైపు ఎండ అన్నారు, నిజమే. ప్రమాదం కూడా అక్కడే ఉంది.

లక్కంలో పడే నీళ్ళు లక్కంలో కురిసినవి కావు. పైన ఎరవికుళం పీఠభూమి మీద, ఆనముడి చుట్టుపక్కల గడ్డి మైదానాల్లో కురిసినవి. ఆనముడి ఎత్తు 2,695 మీటర్లు, దక్షిణాదిలో అంతకు మించిన శిఖరం లేదు. అక్కడ వాన దంచుతుంటే కింద మీ నెత్తిన ఎండ ఉండొచ్చు. ఆ నీరు పాంబార్ నదిలో కలిసి తూర్పుకు, తమిళనాడు వైపు పోతుంది. కేరళలో తూర్పుకు పారే నదులు మూడే: కబని, భవాని, పాంబార్. తూవానం కూడా ఈ పాంబార్ మీదే. చిన్నార్‌లో ముళ్ళ చెట్లు, ఎండుటడవి, ఆ మధ్యలో అంత నీరు ఎక్కడిదా అని జనం ఆశ్చర్యపోతారు. పై నుంచి వచ్చిందే.

కాబట్టి కింద ఆకాశం చూసి నీళ్ళలో దిగకూడదు. నీటి రంగు చూడాలి. తేటగా ఉన్నది మట్టి రంగుకు తిరిగినా, ఆకులు, పుల్లలు ఎక్కువగా కొట్టుకొస్తున్నా, చప్పుడు బరువెక్కినా వెంటనే గట్టెక్కాలి. అప్పుడు నిమిషాలే ఉంటాయి. ఒక్కరే ఉన్నప్పుడైతే అసలు దిగకపోవడమే మంచిది. జారితే చెయ్యి అందించేవారుండరు. జలపాతం చూడటానికి తడవక్కర్లేదు.

బుల్లెట్_బుజ్జి | ఆగస్టు 18, సాయంత్రం 6:40

అంకుల్, మరీ భయపెట్టేస్తున్నారు. లక్కంలో వేలమంది స్నానాలు చేస్తారు.

పెన్షన్_ప్రయాణం | ఆగస్టు 18, రాత్రి 7:11

చేస్తారు బాబూ. అటవీ శాఖ వాళ్ళు టికెట్ తీసుకుని, కాపలా పెట్టి, ఎక్కడిదాకా వెళ్ళొచ్చో చెబుతారు. వాళ్ళు ఆపిన రోజు ఆగాలి. నేను చెప్పేది అంతే.

కాక్కనాడ్_కామేశ్ | ఆగస్టు 18, రాత్రి 8:30

బుజ్జి బ్రో, స్కూటీ గురించి. జనవరిలో అయితే నేనూ అదే చెబుతా. సెప్టెంబర్‌లో వద్దు. గ్యాప్ రోడ్డులో కొండను తొలిచి రోడ్డు వెడల్పు చేశాక చాలాసార్లు చరియలు విరిగి పడ్డాయి, వానాకాలంలో తరచూ మూసేస్తారు. మంచు దిగితే ముందున్న బస్సు లైట్లు పది అడుగుల్లోకి వచ్చేదాకా కనబడవు. అద్దె స్కూటీకి ఉండే హెడ్‌లైట్ సంగతి నీకు నేను చెప్పాలా? పైగా ఏనుగులు. రేషన్ షాపుల మీద పడి బియ్యం తినే అరికొంబన్‌ని 2023 ఏప్రిల్‌లో చిన్నకనాల్ నుంచి పెరియార్‌కు తరలించారు. కానీ ఆ ఒక్కటే కాదు కదా అక్కడ ఉన్నది. మున్నార్ చుట్టూ పడయప్ప అని ఇంకోడు తిరుగుతుంటాడు, రోడ్డు మీదే నడుస్తాడు. బస్సులో ఉంటే డ్రైవర్ ఇంజన్ ఆపి చూసుకుంటాడు. స్కూటీ మీద ఏం చేస్తాం?

బుల్లెట్_బుజ్జి | ఆగస్టు 18, రాత్రి 8:37

నేను సెప్టెంబర్‌లోనే తిరిగా బ్రో, ఏం కాలేదు. మెల్లగా వెళ్తే ఏమీ కాదు. స్టాప్ లేని చోట ఆగి చూడటంలో ఉన్న మజా బస్సులో రాదు, అది కూడా చెప్పాలి కదా. సరే, ఏనుగు పాయింట్ ఒప్పుకుంటున్నా.

పీలమేడు_ప్రసాద్ | ఆగస్టు 19, ఉదయం 6:55

మేం కోయంబత్తూరు తెలుగువాళ్ళం, తరాలుగా ఇక్కడే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మున్నార్‌కు మా దారి తమిళనాడులోని ఉడుమలైపేట (ఉడుమలై) నుంచి. లావణ్య గారు వెళ్ళేది ఆలువా నుంచి కాబట్టి తిరిగి అదే దారిలో రాకుండా ఇటు దిగితే బాగుంటుంది. మున్నార్, లక్కం, మరయూర్, చిన్నార్, ఉడుమలై. తొంభై కిలోమీటర్ల లోపే. అందులో టీ తోట, చందనం అడవి, చెరకు తోటలు, ముళ్ళడవి అన్నీ వరసగా వస్తాయి. ఒక్క పూటలో వాతావరణం ఇంతగా మారే దారి నాకు తెలిసి ఇంకోటి లేదు.

కాకపోతే సాయంత్రం చెక్‌పోస్టు మూసేస్తారు, రెండు వైపులా పులుల అడవే. మధ్యాహ్నం లోపే మరయూర్ దాటండి. మరయూర్‌లో బెల్లం కొనండి. భౌగోళిక గుర్తింపు ఉంది దానికి. గుండ్రంగా ముద్దలు చేస్తారు.

తూవానం దగ్గరికి నడవాలంటే చిన్నార్‌లో అటవీ శాఖ గైడుతోనే వెళ్ళాలి. ఒక్కరికి ఖర్చు ఎక్కువ పడుతుంది, ఎవరైనా వస్తే కలుస్తారు. లేకపోతే రోడ్డు మీంచి దూరంగా తెల్లగీతలా కనబడుతుంది, దాంతో సరిపెట్టుకోవాలి.

చాయ్_చక్రం | ఆగస్టు 19, ఉదయం 10:10

అందరూ దారులు చెబుతున్నారు కాబట్టి నేను ఒకటి అడుగుతా. టీ తోటల్లోకి దిగి ఫోటోలు తీసుకునేవాళ్ళని చూసి నాకు ఒళ్ళు మండుతుంది. అవి పార్కులు కావు, పని చోటు. ఆకు కోస్తున్న ఆడవాళ్ళ మొహం మీద కెమెరా పెట్టి "స్మైల్" అంటారు. వాళ్ళు వీపు మీద మూట, కాళ్ళకి జలగలు, ప్లాస్టిక్ పట్టా కట్టుకుని కిలోల లెక్కన పని చేస్తుంటారు. 2015 సెప్టెంబర్‌లో ఇదే మున్నార్‌లో ఆ ఆడవాళ్ళు బోనస్ కోసం, కూలి కోసం రోడ్డెక్కి కూర్చున్నారు. యూనియన్ నాయకుల్ని కూడా దగ్గరికి రానివ్వలేదు. పెంబిళై ఒరుమై, అంటే ఆడవాళ్ళ ఐక్యత, అని పేరు పెట్టుకున్నారు. అడిగిన బోనస్ సాధించారు. తోట అందంగా ఉంది అంటే ఆ చేతుల వల్లే అని గుర్తుంటే చాలు.

లక్డీకాపూల్_లావణ్య | ఆగస్టు 19, మధ్యాహ్నం 12:30

ఇది నాకు తెలియదు, థాంక్స్. రోడ్డు మీంచే తీస్తాను, మనుషుల్ని తీయాలంటే అడుగుతాను.

సుభద్ర_టీచర్ | ఆగస్టు 19, మధ్యాహ్నం 12:51

అడిగితే చాలాసార్లు "వద్దు" అనరు. డబ్బులిస్తావా అంటారు, అందులో తప్పేముంది.

మోడరేటర్ | ఆగస్టు 19, రాత్రి 9:00

స్కూటీ అద్దెల మీద వచ్చిన తొమ్మిది పోస్టులను వేరే దారానికి (థ్రెడ్‌కు) మార్చాం. ఇక్కడ జలపాతాల గురించే మాట్లాడుకుందాం.

లక్డీకాపూల్_లావణ్య | సెప్టెంబర్ 9, రాత్రి 8:45

మున్నార్ నుంచి రాస్తున్నా. ఇవాళే చేరాను.

కామేశ్ గారు చెప్పినట్టు దారిలో దిగుదామనుకున్నా కానీ వీపున బ్యాగు, చేతిలో ఇంకోటి. చీయప్పార దగ్గర బస్సు టీకి ఆగింది, అదృష్టం. ఏడు అంచెలని చదివా గానీ లెక్కపెట్టడానికి వీల్లేనంత నీరుంది, మెట్లన్నీ కలిసిపోయాయి. తుంపర రోడ్డు దాటి బడ్డీ కొట్టు మీద పడుతోంది. అక్కడ పళంపొరి తిన్నా, అరటిపండు బజ్జీ. కోతులు ఉన్నాయి, జాగ్రత్త. వాళర కిటికీలోంచే చూశా.

నేరియమంగళం వంతెన దాటుతున్నప్పుడు పక్క సీటాయన "ఇక్కణ్ణించి హైరేంజ్" అన్నాడు, ఎత్తు కొండల ప్రాంతమని. నిజంగానే అక్కడి నుంచి గాలి మారింది.

పెన్షన్_ప్రయాణం | సెప్టెంబర్ 9, రాత్రి 9:20

ఆ వంతెన 1935లో కట్టారమ్మా. అంతకు ముందు ఆలువా నుంచి మున్నార్‌కు పాత దారి వేరే ఉండేది, అడవిలోంచి. 1924 జూలైలో వచ్చిన పెద్ద వరదకు అది కొట్టుకుపోయింది. మలయాళం సంవత్సరం 1099 కాబట్టి వాళ్ళు "తొంభై తొమ్మిది వరద" అంటారు. మున్నార్‌లో అప్పుడు రైలుండేది, నమ్ముతారా? టీ పెట్టెలు టాప్ స్టేషన్ దాకా రైల్లో, అక్కణ్ణించి రోప్‌వేలో తమిళనాడు వైపు దిగేవి. ఆ రైలు కూడా అదే వరదలో పోయింది, మళ్ళీ వేయలేదు. మీరిప్పుడు ఎక్కిన రోడ్డు ఆ తర్వాత వచ్చిందే.

లక్డీకాపూల్_లావణ్య | సెప్టెంబర్ 10, రాత్రి 8:10

ఈరోజు కిటికీలోంచి చూస్తే ఎదుటి కొండ లేదు. వాన. కాబట్టి మరయూర్ బస్సు.

ఎరవికుళం మలుపు దాటాక తోటలు మొదలై వాగువరై దాకా వదల్లేదు. మధ్యలో సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా, వాటి కొమ్మల్లో మబ్బు చిక్కుకుని ఉంది. ఎక్కడ చూసినా రోడ్డు పక్క గోడల్లోంచి, రాళ్ళ సందుల్లోంచి సన్నటి ధారలు దూకుతున్నాయి. వాటికి పేర్లు లేవు. నా జాబితాలో ఉన్న ఆరింటి కంటే ఇవే ఎక్కువ చూశానేమో ఇవాళ.

లక్కం దగ్గర దిగా. వాన తగ్గి తుంపరగా ఉంది. టికెట్ తీసుకుని లోపలికి వెళ్తే కాపలా అతను విజిల్ వేసి అందర్నీ పైకి పంపించేస్తున్నాడు. నీళ్ళు పాలు కలపని టీ రంగులో ఉన్నాయి. పెన్షన్ గారూ, మీరు చెప్పిన లక్షణాలన్నీ ఒకేసారి. ఒక కుర్రాళ్ళ గుంపు "ఐదు నిమిషాలు" అని బతిమాలింది. అతను వినలేదు. నేను పైన రాతి మీద గంటన్నర కూర్చున్నా. నీరు రాతిని తాకే చోట ముందు కొంచెం ఖాళీ ఉండేది, చూస్తుండగా అది నిండిపోయింది.

తర్వాత మరయూర్‌లో ఎండ! రెయిన్‌కోటు తడిగా, చెమటలు పడుతూ, బెల్లం కొట్టు ముందు నిలబడ్డా. నాలుగింటి బస్సుకు వెనక్కి.

పెన్షన్_ప్రయాణం | సెప్టెంబర్ 10, రాత్రి 8:33

ఆ కాపలా అతనికి నా నమస్కారం.

బుల్లెట్_బుజ్జి | సెప్టెంబర్ 10, రాత్రి 9:02

అంకుల్, మీరు గెలిచారు 🙏

లక్డీకాపూల్_లావణ్య | సెప్టెంబర్ 11, సాయంత్రం 7:30

మున్నార్ ఉన్న ఇడుక్కి జిల్లాకి ఆరెంజ్ అలర్ట్ అన్నారు. హోటల్ ఆవిడ పొద్దున్నే తలుపు తట్టి "ఇవాళ ఎటూ వద్దు" అంది. నాకు కొంచెం విసుగొచ్చిన మాట నిజం. సగం రోజు గదిలోనే. వాన సన్నబడ్డాక నల్లతణ్ణిలో టీ మ్యూజియం దాకా ఆటోలో వెళ్ళి వచ్చా.

సుభద్ర_టీచర్ | సెప్టెంబర్ 11, రాత్రి 7:52

మంచి పని చేసింది ఆవిడ. 2020 ఆగస్టు 6 రాత్రి పెట్టిముడిలో కొండచరియ టీ కార్మికుల ఇళ్ళ వరసల మీద పడి 70 మంది పోయారు. మీరు నిన్న దాటిన ఎరవికుళం కొండలకు అవతలి వైపే అది. ఫోన్ సిగ్నల్ లేక బయటి ప్రపంచానికి తెల్లవారాక గానీ తెలియలేదు. అక్కడివాళ్ళు వద్దంటే ఊరికే అనరు.

పెన్షన్_ప్రయాణం | సెప్టెంబర్ 11, రాత్రి 8:15

మ్యూజియంలో పెల్టన్ చక్రం చూశారా? కన్నిమలై తోటలో 1920లలో కరెంటు పుట్టించడానికి వాడినది. నీళ్ళని ఎత్తు నుంచి గొట్టంలో దించి చక్రం గిన్నెల మీద కొట్టిస్తే అది తిరుగుతుంది. మీరు కాళ్ళకి జలగలు పట్టించుకుని వెతికే జలపాతాలకి కంపెనీవాళ్ళు అప్పట్లోనే పని చెప్పారన్నమాట. తర్వాత 1940లో పళ్ళివాసల్ వచ్చింది, కేరళలో మొదటి జల విద్యుత్ కేంద్రం. ఆట్టుకాడ్ వెళ్ళేటప్పుడు ఆ పరిసరాల్లోంచే వెళ్తారు. మున్నార్ చుట్టూ చాలా నీరు ఇప్పుడు డ్యాముల వెనక ఉంది. ఏ జలపాతానికైనా పైన ఆనకట్ట ఉందేమో అడిగి తెలుసుకోవాలి. ఉంటే వాన లేని రోజు కూడా నీరు పెరగొచ్చు.

లక్డీకాపూల్_లావణ్య | సెప్టెంబర్ 12, రాత్రి 9:05

చక్రం చూశాను సార్! ఆ రైలు ఇంజన్ చక్రం కూడా ఉంది. మీరు చెప్పకపోతే తుప్పు ఇనుము అనుకుని దాటేసేదాన్ని.

ఇవాళ తెరిపి. ఆట్టుకాడ్. హైవే దాకా బస్సు, లోపలికి ఆటో. ఆ లోపలి రోడ్డు ఇరుకు, నిటారు, ఎదురుగా జీపు వస్తే ఎవరో ఒకరు వెనక్కి వెళ్ళాల్సిందే. కామేశ్ గారు మెసేజ్‌లో పొద్దున తొమ్మిది లోపు వెళ్ళమన్నారు. నేను టిఫిన్ తిని, పుట్టు-కడల (ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి, శనగల కూర), పదకొండుకి చేరా. అప్పటికే లోయలోంచి మబ్బు పైకి లేచింది. చిన్న వంతెన మీద నిలబడితే కింద హోరు, ఎదురుగా తెల్లటి గోడ. జలపాతం ఆ గోడలో ఎక్కడో ఉంది. పక్కన టీ కొట్టులో కట్టన్ చాయ్ (పాలు లేని టీ) తాగి మళ్ళీ చూశా, అంతే. ఆటో అతను "ఇంకో అరగంట ఉండండి, విడుతుంది" అని మూడుసార్లు అన్నాడు. విడలేదు. ఒంటిగంటకి వచ్చేశా.

కానీ వెనక్కి నడుచుకుంటూ వచ్చా, ఆటో ఎక్కలేదు. తోట పక్క నుంచి హైవే దాకా. ఆకు కోసే వాళ్ళు మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నారు. ఒకావిడ తమిళంలో ఏదో అంది, మిగతావాళ్ళు నవ్వారు. నాకర్థమైంది "జలగ" ఒక్కటే. చూస్తే మేజోడు మీద మూడు ఎక్కుతున్నాయి.

కాక్కనాడ్_కామేశ్ | సెప్టెంబర్ 12, రాత్రి 9:40

పుట్టు-కడల కోసం ఆట్టుకాడ్ వదులుకున్నారన్నమాట. అది కూడా న్యాయమే 😄

ఈ కాలంలో రాత్రి చల్లబడ్డ లోయ పొద్దున కాసేపు శుభ్రంగా ఉంటుంది. ఎండ తగిలి వాలు వేడెక్కగానే తేమ పైకి పాకుతుంది, పదింటికల్లా అంచు దగ్గర మబ్బు కట్టేస్తుంది. అందుకే లోయకు ఎదురుగా ఉన్నవి పొద్దున, లక్కంలా కొండ ఒడిలో ఉన్నవి ఎప్పుడైనా. రేపు మళ్ళీ వెళ్తారా?

లక్డీకాపూల్_లావణ్య | సెప్టెంబర్ 12, రాత్రి 9:58

వెళ్ళను. రేపు ఉడుమలై మీదుగా దిగుదామని టికెట్ మార్చుకున్నా, కోయంబత్తూరు నుంచి రైలు. చిన్నకనాల్ మానేశా, గ్యాప్ రోడ్డు ఇవాళ కూడా మూసే ఉందన్నారు. తూవానం రోడ్డు మీంచే చూస్తా.

పీలమేడు_ప్రసాద్ | సెప్టెంబర్ 12, రాత్రి 10:20

బస్సు చిన్నార్ చెక్‌పోస్టు చేరేముందే చూపు తిప్పుకోకుండా ఉండండి. ఉడుమలై నుంచి కోయంబత్తూరుకు బస్సులు ఎడతెరిపి లేకుండా ఉంటాయి. రైలు టైముకు ముందు మూడు గంటలు చేతిలో ఉంచుకోండి.

లక్డీకాపూల్_లావణ్య | సెప్టెంబర్ 14, మధ్యాహ్నం 2:15

ఇంటికి చేరా. తూవానం కనబడింది. డ్రైవర్ ఆపలేదు గానీ కండక్టర్ వేలు చూపించాడు. ఎండిపోయిన కొండల మధ్య అంత నీరు చూస్తే, పెన్షన్ గారూ, మీరు చెప్పింది తెలిసి కూడా నమ్మబుద్ధి కాలేదు. వచ్చేసారి గైడుతో దగ్గరికి నడుస్తా. అరకు అబ్బాయి గారూ, టీ పొడి తెచ్చా. అడ్రస్ ఇక్కడ పెట్టకండి, మెసేజ్ చేయండి.

నెల్లూరు_నేస్తం | సెప్టెంబర్ 15, ఉదయం 8:08

దారం మొత్తం చదివా. నేను డిసెంబర్ చివర్లో వెళ్దామనుకుంటున్నా, ఒక్కణ్ణే. అప్పుడు నీళ్ళుంటాయా?

కాక్కనాడ్_కామేశ్ | సెప్టెంబర్ 15, ఉదయం 8:45

అప్పటికి లెక్క తిరగబడుతుంది. ఈశాన్య వానలు తూర్పు వైపు బాగా తడుపుతాయి కాబట్టి లక్కం, తూవానం బాగుండొచ్చు, చీయప్పార సన్నబడుతుంది. మంచు తక్కువ, చలి ఎక్కువ, తోటలు స్పష్టంగా కనబడతాయి. గ్యాప్ రోడ్డు కూడా మామూలుగా తెరిచే ఉంటుంది. ఫిబ్రవరి దాకా వాయిదా వేయకండి, వరయాడు (నీలగిరి తార్ అనే కొండమేక) పిల్లలు పెట్టే కాలమని ఎరవికుళం మూసేస్తారు.

సుభద్ర_టీచర్ | సెప్టెంబర్ 15, ఉదయం 9:30

క్రిస్మస్ వారం గదుల రేట్లు రెట్టింపు బాబూ, రోడ్డు మీద కార్ల వరస కిలోమీటర్ల పొడవు. డిసెంబర్ మొదటి వారానికి మార్చుకోగలవా?

నెల్లూరు_నేస్తం | సెప్టెంబర్ 15, ఉదయం 9:41

మార్చుకుంటానండి. ఉడుమలై నుంచి ఎక్కి ఆలువా వైపు దిగితే ఎలా ఉంటుంది?

పీలమేడు_ప్రసాద్ | సెప్టెంబర్ 15, ఉదయం 10:05

డిసెంబర్‌కి అదే సరైన వరస. పొద్దున బస్సుకి రండి, మధ్యాహ్నానికి లక్కంలో ఉంటారు.